ఒకే సూది, రెండు గేదెలు

ఒకే దొడ్లో పక్కపక్కన కట్టేసిన రెండు గేదెలకు ఒకే రోజు, ఒకే సీసాలోంచి, ఎదకు రప్పించే ప్రాస్టాగ్లాండిన్ అనే హార్మోను సూది వేశారనుకుందాం. మొదటిది మూడు నాలుగు రోజుల్లో తీగలు వేసి ఎదకొచ్చింది. రెండోది ఏమీ ఎరగనట్టు నెమరేస్తూ పడుకుంది. రైతు మందు మీద అనుమానపడతాడు, లేదంటే వేసినవాడి మీద. చాలాసార్లు తప్పు రెండింట్లోనూ ఉండదు. ఆ రోజుకి రెండో గేదె అండాశయం ఆ మందు మాట వినే స్థితిలో లేదు, అంతే.

హార్మోను రక్తంలో కలిశాక చెవికొన నుంచి గిట్ట దాకా ఒళ్లంతా తిరుగుతుంది. కదిలే కణాలు మాత్రం కొన్నే. రేషన్ బియ్యం వచ్చాయని మైకులో చెబితే ఊరంతా వింటుంది, సంచీ పట్టుకుని లేచేది కార్డున్నవాళ్లే. కణానికి ఆ కార్డు రిసెప్టర్. ఫలానా హార్మోనును గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీను అది. తాళం, తాళంచెవి అని బడిలో చెప్పే పోలిక నాకు ఇక్కడ అంతగా నచ్చదు. తలుపుకు బిగించిన తాళం ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అండాశయంలో రిసెప్టర్లు అలా ఉండవు. సుమారు 21 రోజుల ఎద చక్రంలోనే కొత్తవి పుడతాయి, ఉన్నవి మాయమవుతాయి.

ఈ సంగతి ఆవుల్లో బాగా తేల్చారు. ఒక చక్రంలో రెండు మూడు విడతలుగా ఫాలికిళ్లు, అంటే అండాన్ని మోసే నీటి తిత్తులు, పెరగడం మొదలుపెడతాయి. వాటిని పెంచేవి మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి పంపే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు. తిత్తి గోడలో వెలుపలి వరుస థీకా కణాలది. వాటికి ఎల్‌హెచ్ రిసెప్టర్లున్నాయి, అవి చేసేది మగ హార్మోన్లు. లోపలి గ్రాన్యులోసా కణాలకు ఎఫ్‌ఎస్‌హెచ్ రిసెప్టర్లున్నాయి, అవి ఆ సరుకును ఈస్ట్రోజన్‌గా మారుస్తాయి. ఆడ హార్మోను మగ హార్మోను నుంచే తయారవుతుందంటే మొదట ఎవరూ నమ్మరు.

పెరుగుతున్న తిత్తులు ఈస్ట్రోజన్‌తో పాటు ఇన్‌హిబిన్ అనే హార్మోనునూ వదులుతాయి. ఆ రెండూ పిట్యూటరీని అదుపు చేసి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను తగ్గిస్తాయి. కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే ఇది. అయితే వాటిలో ఒకటి జాగ్రత్తపడుతుంది. అన్నిటికన్నా పెద్ద తిత్తి సుమారు 8.5 మిల్లీమీటర్లకు చేరే వేళకు దాని గ్రాన్యులోసా కణాలు ఎల్‌హెచ్ రిసెప్టర్లను కూడా సంపాదించుకుంటాయి. రెండో కార్డన్నమాట. ఎఫ్‌ఎస్‌హెచ్ కరువొచ్చి మిగతావన్నీ కుంగిపోతుంటే ఇది ఎల్‌హెచ్‌తో బతికేస్తుంది.

ఎదలో ఎల్‌హెచ్ ఒక్కసారిగా పొంగుతుంది. దాంతో గ్రాన్యులోసా కణాల్లో ప్రొజెస్టిరాన్ రిసెప్టర్లు తలెత్తుతాయి, కొద్దికాలమే ఉండి పోతాయి. ఆ కాస్త సమయం ఎంత ముఖ్యమో చిట్టెలుకలు చూపించాయి. ఈ రిసెప్టర్ జన్యువును పనిచేయకుండా చేసిన చిట్టెలుకల గురించి 1995లో ప్రకటించారు. వాటిలో తిత్తి పెరిగింది గానీ పగలలేదు, అండం బయటికి రాలేదు.

అండం వెళ్లిపోయాక మిగిలిన తిత్తే కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టిరాన్ చేస్తుంది. ఆ లాటిన్ మాటకు పసుపు ముద్ద అని అర్థం. గేదెలో మాత్రం అది పసుపుగా ఉండదు, బూడిద రంగుకు తిరుగుతుంది. గేదె పాలు ఆవు పాలంత పచ్చగా ఉండకపోవడానికీ కారణం ఒకటే. పసుపు రంగునిచ్చే కెరోటిన్ గేదె ఒంట్లో ఆవులోలా నిలవదు. ఈ ముద్ద పనిచేస్తున్నంత కాలం మళ్లీ ఎద రాదు. చూడి కట్టకపోతే చక్రం చివర్లో గర్భాశయం ప్రాస్టాగ్లాండిన్ వదిలి దాన్ని కరిగిస్తుంది. మనం వేసే సూది ఆ పనినే ముందుగా చేయిస్తుంది.

మరి రెండో గేదె సంగతి? ఎదకొచ్చిన తర్వాత మొదటి 5 రోజుల్లో ఈ సూది వేస్తే కార్పస్ లూటియం కరగదు. ప్రాస్టాగ్లాండిన్ రిసెప్టర్లు ఇంకా పుట్టలేదేమోనని ఎవరికైనా తోస్తుంది. ఆవుల్లో వెతికితే అవి అప్పటికే ఉన్నాయి! కార్డు చేతిలో ఉంది, దుకాణమే ఇంకా తెరవలేదు. ముదిరిన కార్పస్ లూటియం సూది అందగానే తనలో తానే మరింత ప్రాస్టాగ్లాండిన్ చేసుకుని తన చావును తానే పూర్తిచేస్తుంది. లేతదానికి ఆ సరంజామా ఇంకా అమరలేదు.

ఎద తేదీ తెలియని మందకు 11 రోజుల ఎడంతో రెండు సూదులు వేసే పద్ధతి ఇందుకే వచ్చింది. మొదటి సూదికి లొంగని లేతవి 11 రోజులకు ముదురుతాయి. లొంగినవి మూడు నాలుగు రోజుల్లో ఎదకొచ్చి, రెండో సూది నాటికి మరో చక్రంలో వారం దాటి ఉంటాయి. అప్పుడు దాదాపు అన్నీ వినే స్థితిలోనే ఉంటాయి.

చూడి గేదె కూడా వింటుంది. దాని కార్పస్ లూటియంకీ ఇవే రిసెప్టర్లున్నాయి, సూది పడితే అదీ కరిగి కడుపు పోతుంది. పశువైద్యుడు సీసా తీసే ముందు చెయ్యి పెట్టి చూసేది అందుకే.