పగులు పైన, రోగం కింద

నల్లరేగడిలో ఎండాకాలం నెర్రె పడితే అందులో చెయ్యి దూరిపోతుంది. తొలకరిలో నాలుగు వానలు పడగానే అదే నేల ఉబ్బి నెర్రెను మూసేస్తుంది. జోగిపేట చుట్టుపక్కల రైతుకు ఇది చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. అందుకే రేగడిలో ఇల్లు కట్టేవాడు పునాది లోతుగా తవ్విస్తాడు, అడుగున మొరం పోయిస్తాడు. గల్లీకి సీసీ రోడ్డు పోసేటప్పుడు మాత్రం ఊరంతా ఈ సంగతి మరిచిపోతుంది.

మొదటి ఏడు రోడ్డు అద్దంలా ఉంటుంది. రెండో వానాకాలానికి నడిమధ్యన వెంట్రుకంత గీత. మూడో ఏటికి ఆ గీతలో గడ్డి. ఒక పలక లేస్తుంది, పక్కది కుంగుతుంది, నడుమ నీళ్లు నిలుస్తాయి. బడికి పోయే పిల్లలు గోడ పట్టుకుని నడుస్తారు. ముసలమ్మ జారి పడితే తప్పు ఆమె చెప్పుల మీదికి పోతుంది!

చలిదేశాల్లోనూ ఇదే గోస, కారణం వేరు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. రాతిలో, కాంక్రీటులో ఇంకిన నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, లోపలి నుంచే పగలదీస్తుంది. మన పిల్లలు ఉండే షికాగోలో చలికాలం పోగానే రోడ్లు గుంతలయ్యేది అందుకే. అమెరికాలో 1930లలోనే దీనికి ఉపాయం దొరికింది: కాంక్రీటులో కావాలని సన్నటి గాలి బుడగలు ఉంచితే, ఉబ్బే మంచుకు చోటు చిక్కుతుంది. మన జిల్లాలో కోహీర్ చలి ఎంత కొరికినా రోడ్డులో నీరు గడ్డకట్టదు. అక్కడ మంచు చేసే పని ఇక్కడ రేగడి చేస్తుంది, అదీ అడుగు నుంచి.

రేగడికీ మందుంది. ఉబ్బే నేల మీద ఉబ్బని మట్టిని మందంగా దట్టిస్తే ఆ ఉబ్బు అణగుతుందని ముంబయి ఐఐటీ ఆచార్యుడు ఆర్.కె. కట్టి ఏనాడో చూపించారు. రేగడిలో సున్నం కలిపినా పొంగు తగ్గుతుంది. అన్నిటికీ మించి, నీళ్లు రోడ్డు కిందికి పోకుండా మోరీ సరిగ్గా ఉండాలి. జాతీయ రహదారికైతే అడుగునేల బలం పరీక్షించనిదే డిజైను మొదలుకాదు. గల్లీ రోడ్డుకు కొలిచేది పైన పోసిన కాంక్రీటు మందమే. బిల్లు వచ్చేదీ దానికే.

ఇప్పుడు పేవర్ టైల్సు వచ్చాయి. చిన్న బండ్లు తిరిగే చోటుకు 60 మిల్లీమీటర్ల మందం, అంతకు మించిన రాకపోకలుంటే 80, ఆపైన అని మన ప్రమాణాలే చెబుతాయి. 60 పరిచిన గల్లీలోకి నీళ్ల ట్యాంకరు రానే వస్తుంది. అయినా నా ఓటు వాటికీ, పాత తాండూరు బండలకే. కుంగిన చోట నాలుగు లేపి, కింద ఇసుక సర్ది మళ్లీ పరచుకోవచ్చు. సీసీ పలక పగిలితే మిషనుతో పగలగొట్టడమే దారి.

ఈసారి మీ గల్లీలో రోడ్డు పోస్తుంటే కాంక్రీటు లారీ రాకముందే వెళ్లి నిలబడండి. అడుగున మొరం ఎంత దట్టించారో, మోరీ ఎటు పోతుందో అడగండి. పోసినాక అడిగితే ఏమీ కనపడదు.