ఇల్లు లేని కుటుంబానికి వైద్యం అందే దారి

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి అప్పటి మైసూరు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు మారినా రాకపోకలు ఆగలేదు. కట్టడం పనుల కోసం, జీన్స్ కుట్టే కార్ఖానాలలో కూలి కోసం తెలుగు కుటుంబాలు నేటికీ బళ్ళారికి వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలామందికి అద్దె గది దొరుకుతుంది. కొందరికి అదీ దొరకదు. వారు కడుతున్న భవనం నీడనో, రైల్వే స్టేషను పరిసరాలలోనో, గుడి మండపంలోనో రాత్రులు గడుపుతారు.

జనాభా లెక్కలలో ఇటువంటి వారిని ‘ఇళ్లు లేనివారు’గా నమోదు చేస్తారు. 2011 లెక్కల ప్రకారం దేశంలో వీరి సంఖ్య సుమారు 17.7 లక్షలు, అందులో పట్టణాలలో ఉన్నవారు సుమారు 9.4 లక్షలు.

ఈ కుటుంబాల అసలు ఇబ్బంది ఆసుపత్రి లేకపోవడం కాదు. జనం ఇప్పటికీ ‘విమ్స్’ అని పిలుచుకునే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, అంగన్‌వాడీలు నగరంలో ఉన్నాయి. అయితే ఇవి దేనికది పనిచేస్తాయి. వీటన్నింటినీ కలిపేది ఇంటి చిరునామా. ఆశా కార్యకర్త ఇళ్ల జాబితా పట్టుకుని తిరుగుతుంది. టీకా తేదీని గుర్తుచేయడానికి ఇంటికే వస్తుంది. ఇల్లే లేనప్పుడు ఆ కుటుంబం ఏ జాబితాలోనూ కనబడదు.

ఒక కుటుంబం, నాలుగు అవసరాలు

ఉదాహరణకు అయిదుగురున్న ఒక కుటుంబాన్ని తీసుకోవచ్చు. భర్తకు రెండు వారాలుగా దగ్గు తగ్గలేదు. భార్యకు అయిదో నెల. చిన్నబిడ్డకు ఏడాదిన్నర, తట్టు, రుబెల్లా టీకా రెండో మోతాదు వేయించవలసిన వయస్సు. అత్తగారికి రక్తపోటు, మాత్రలు అయిపోయి నెల దాటింది. పెద్దబిడ్డ ఒక్కడే ఆరోగ్యంగా ఉన్నాడు. నాలుగు అవసరాల కోసం నాలుగు చోట్లకు, నాలుగు రోజులు తిరిగితే నాలుగు రోజుల కూలి పోతుంది. అందువల్ల చాలా కుటుంబాలు అందరికంటె ఎక్కువ బాధపడుతున్న ఒక్కరికే వైద్యం చేయించి, మిగిలినవి వాయిదా వేస్తాయి. ఆ వాయిదాయే ప్రమాదం. క్షయ ఉన్న తండ్రికి ఆలస్యమైతే, అదే దుప్పటి కింద పడుకునే పిల్లలకు ఆ వ్యాధి సోకవచ్చు.

మొదటి మెట్టు: పట్టణ ఆరోగ్య కేంద్రం

2013లో ఆరంభమైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రకారం సుమారు 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. మురికివాడలవారితో పాటు ఇళ్లు లేనివారు, వలస కూలీలు కూడా ప్రత్యేక శ్రద్ధ పొందవలసిన వర్గాలని ఆ మిషన్ పేర్కొన్నది. కాబట్టి కుటుంబం నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్లేకంటె, రాత్రి తాము పడుకునే చోటికి దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికో, నమ్మ క్లినిక్‌కో అందరూ కలిసి వెళ్లడం మేలు. కఫం పరీక్షకు సూచన, గర్భిణి నమోదు, బిడ్డ టీకా, రక్తపోటు మాత్రలు—వీటిలో చాలావరకు అక్కడే మొదలు కాగలవు.

‘ఎక్కడ ఉంటారు?’ అని అడిగినప్పుడు ‘ఇల్లు లేదు’ అని ఊరుకోరాదు. ఫలానా గుడి పక్కన, ఫలానా కట్టడం వద్ద, ఫలానా మేస్త్రీ దగ్గర అని గుర్తు చెప్పాలి. ఆ గుర్తే చిరునామాగా పనికివస్తుంది. ఆ ప్రాంతపు ఆశా కార్యకర్త పేరు అడిగి తెలుసుకోవాలి. కుటుంబం మొత్తానికి తెలిసిన ఒక్క ఆరోగ్య కార్యకర్త ఉంటే, తర్వాత ఎవరిని ఎక్కడికి పంపాలో ఆమెయే చెప్పగలదు.

రాత్రి ఆశ్రయం వైద్యంలో భాగమే

పట్టణ జనాభాలో ప్రతి లక్షకు కనీసం వందమందికి సరిపడే శాశ్వత ఆశ్రయం ఉండాలన్నది ఇళ్లు లేనివారి ఆశ్రయాలకు కేంద్ర పథకం నిర్ణయించిన ప్రమాణం. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల ఫలితంగా ఈ విషయం ప్రభుత్వాల బాధ్యతగా స్థిరపడింది. కుటుంబాలకు, స్త్రీలకు వేరు ఆశ్రయాలతో పాటు, కోలుకుంటున్న రోగులకూ వారి కుటుంబాలకూ ప్రత్యేక ఆశ్రయాలు ఉండవచ్చునని ఆ పథకపు మార్గదర్శకాలు చెబుతున్నాయి.

దీని అవసరం సులభంగానే అర్థమవుతుంది. ఆపరేషను అయిన మనిషి ఆసుపత్రి పడక ఖాళీ చేసేంతగా కోలుకుని ఉండవచ్చు. కాని రోడ్డు పక్కన పడుకునేంతగా కోలుకుని ఉండడు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1985లో మొదలైన ఇళ్లు లేనివారి ఆరోగ్య కార్యక్రమం, ఇటువంటి వారికోసమే విశ్రాంతి పడకలు నడుపుతున్నది. ఇక్కడ కూడా రోగిని ఇంటికి పంపే ముందే, ‘వెళ్లడానికి ఇల్లు లేదు’ అని వార్డు నర్సుకు గాని, డాక్టరుకు గాని చెప్పాలి. ఆశ్రయం వెదకడానికి అప్పుడే వ్యవధి ఉంటుంది.

కాగితాలన్నీ ఒకే సంచిలో

వైద్యం ఒక చోటి నుండి మరొక చోటికి సాగడానికి కాగితమే ఆధారం. కుటుంబంలోని అందరి కాగితాలు నీరు తగలని ఒకే ప్లాస్టిక్ సంచిలో ఉంచుకోవాలి. ప్రతి కాగితానికీ ఫోనులో ఒక ఫోటో తీసుకోవాలి. ముఖ్యమైనవి ఇవి:

తాయి కార్డు: గర్భిణి పరీక్షలు, బిడ్డ టీకాలు ఇందులో నమోదవుతాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, అవసరమైతే సిజేరియన్, మందులు, పరీక్షలు, ఆసుపత్రిలో భోజనం, ఇంటికి చేర్చే వాహనం 2011 నుండి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. టీకా ఒకటి తప్పిపోతే మొదటి నుండి మళ్లీ వేయించనక్కరలేదు. ఆగిన చోటి నుండి కొనసాగిస్తారు. ఆలస్యమైందని జంకి మానుకోరాదు.

నిక్షయ్ సంఖ్య: క్షయ రోగి ప్రతి ఒక్కరికీ ఈ సంఖ్య ఇస్తారు. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స అవసరం. ఒకటి రెండు నెలలకే దగ్గు తగ్గి, బరువు పెరిగి, జబ్బు పోయిందనిపిస్తుంది. అప్పుడు మందు మానితే క్రిములు మందుకు లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది. చికిత్స కాలంలో పోషణ కోసం రోగి బ్యాంకు ఖాతాలో నెలకు రూ. 500 చొప్పున జమచేసే పద్ధతి 2018లో మొదలైంది. 2024 నవంబరు నుండి అది రూ. 1,000 అయింది.

ఆయుష్మాన్ కార్డు: కేంద్ర పథకంలో నమోదైన కుటుంబానికి ఏడాదికి రూ. 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స లభిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్న ఆయుష్మాన్ కార్డు కర్ణాటకలోని గుర్తింపు ఆసుపత్రులలోనూ చెల్లుతుంది. అయితే సొంత రాష్ట్ర పథకం కింద మాత్రమే నమోదైన కార్డుకు ఈ సదుపాయం వర్తించదు. తమది ఏ రకమో జబ్బు రాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవడం మంచిది.

రేషన్ కార్డు: ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ విధానం వల్ల, జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డుపై బళ్ళారి చౌకధరల దుకాణంలో కూడా ధాన్యం తీసుకోవచ్చు. మందు వంటబట్టాలంటే కడుపు నిండాలి.

ఊరు మారేటప్పుడు

పని అయిపోయి కుటుంబం ఆదోనికో, గుంతకల్లుకో తరలిపోయే రోజున చాలా చికిత్సలు తెగిపోతాయి. బయలుదేరడానికి కొన్ని రోజుల ముందే ఆరోగ్య కేంద్రంలో చెబితే, క్షయ రోగి చికిత్సను నిక్షయ్ ద్వారా కొత్త ఊరి కేంద్రానికి బదిలీ చేస్తారు. రాష్ట్రం మారినా ఇది సాధ్యమే. ఈ విషయమై 1800-11-6666 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ప్రయాణానికి, కొత్త చోట కుదురుకోవడానికి సరిపడే మాత్రలు అడిగి తీసుకోవాలి. మాత్రల పేర్లున్న చీటీని పారవేయరాదు.

అత్యవసరమైనప్పుడు

ప్రాణాపాయం ఏర్పడినప్పుడు కాగితాల కోసం వెదుకుతూ ఆలస్యం చేయరాదు. 108కి ఫోను చేయాలి. రైలు నుండి పడి గాయపడిన ఒక కూలీని కలకత్తాలో పలు ప్రభుత్వ ఆసుపత్రులు పడకలు లేవని తిప్పిపంపిన కేసులో, సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెబుతూ, సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని ప్రకటించింది. ఆ హక్కుకు ఇంటి చిరునామాతో పని లేదు. సలహా కోసం 104, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉన్నాయి.

చుట్టుపక్కలవారు చేయగలిగినది

కొత్తగా వచ్చిన కుటుంబానికి ఆరోగ్య కేంద్రం దారి తెలియదు. కన్నడ మాట్లాడడం రాకపోవచ్చు. ఊరిలో స్థిరపడిన తెలుగువారు ఒక్క పూట వెంట వెళ్లి, జబ్బు వివరం డాక్టరుకు కన్నడంలో చెప్పి, ఆశా కార్యకర్తకు పరిచయం చేస్తే చాలు. మేస్త్రీలు తమ కింద పనిచేసే కుటుంబాలలో గర్భిణులు, పసిపిల్లలు, మందు వాడుతున్నవారు ఎవరో తెలుసుకుని, ఆరోగ్య కేంద్రానికి వెళ్లే రోజున కూలి కోయకుండా ఉండాలి. ఆ ఒక్క రోజు కూలి దక్కుతుందన్న నమ్మకం ఉంటే, కుటుంబం దగ్గును దాచుకోదు.