టైమింగ్ బెల్ట్ మారుస్తున్నారా? వాటర్ పంప్ సంగతి కూడా తేల్చుకోండి

ఇయ్యాల ముచ్చట మా మామ కారు గురించి. ఇందులో తప్పు నాది, అందుకే ముందు అదే చెప్తున్నా.

మామది బోధన్. సెకండ్ హ్యాండ్‌లో మహీంద్రా వెరిటో డీజిల్ కొని కిరాయికి తిప్పుతాడు. నిజామాబాద్ స్టేషన్, ఆసుపత్రులు, అప్పుడప్పుడు హైదరాబాద్. ఇల్లు గడిచేది ఆ కారు మీదే. టైమింగ్ బెల్ట్ మార్చే టైం వచ్చి గ్యారేజ్‌లో పెడితే మెకానిక్, "వాటర్ పంప్ కూడా ఏసేద్దామన్నా" అన్నాడు. నేను పక్కనే ఉన్నా. నాలుగు వీడియోలు చూసిన తెలివి నాది. "లీకు లేదు, సప్పుడు లేదు. మంచిగున్న సామాను ఎందుకు మార్చుడు మామా? బిల్లు పెంచుతున్నడు" అన్నా. మామ నా మాట విన్నాడు. రెండున్నర వేలు మిగిలాయి.

పద్నాలుగు నెలల తర్వాత ఎడపల్లి దాటాక ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. వెనక సీట్లో పేషెంట్ ఉన్నాడు. వాళ్లను ఆటో ఎక్కించి, కారును తాడు కట్టి లాక్కొచ్చారు. విప్పి చూస్తే పంప్ బేరింగ్ పట్టేసింది, బెల్ట్ పళ్లు కోసుకుపోయాయి, ఎనిమిది వాల్వుల్లో ఐదు వంగాయి. బిల్లు 43,000. పైగా పెళ్లిళ్ల సీజన్‌లో 12 రోజులు కారు లేదు. మామ నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలే అల్లుడా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఇంతకీ పంపుకూ వాల్వులకూ ఏం సంబంధం?

ఇంజన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్, పైన క్యామ్ షాఫ్ట్. కిందది రెండు చుట్లు తిరిగితే పైది ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి ఉంచేది టైమింగ్ బెల్ట్. పిస్టన్ పైకొచ్చే టైంకు వాల్వు పక్కకు తప్పుకోవాలి. బెల్ట్ తెగినా, పళ్లు జారినా వాల్వు తప్పుకోదు, పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. వెరిటోలో ఉన్నది రెనో వాళ్ల 1.5 లీటర్ డీజిల్ ఇంజన్. అందులో ఇదే బెల్ట్ వాటర్ పంపును కూడా తిప్పుతుంది. అంటే పంప్ బేరింగ్ ఊగినా, పట్టేసినా ఆ దెబ్బ నేరుగా బెల్ట్ మీద పడుతుంది.

పంప్ చెడిపోయేటప్పుడు ముందే చెప్తుంది. లోపల షాఫ్ట్ దగ్గర సీల్ ఉంటుంది. అది అరిగితే కూలెంట్ బయటికి రావడానికి పంప్ బాడీకి కావాలనే ఒక చిన్న రంధ్రం పెడతారు. ఈ కార్లలో అదంతా టైమింగ్ కవర్ చాటున ఉంటుంది కాబట్టి చుక్క కారినా తొందరగా కనిపించదు. మామ కారులో కూలెంట్ డబ్బా కొద్దికొద్దిగా ఖాళీ అవుతూనే ఉంది. మామ బోరు నీళ్లు పోస్తూ వచ్చాడు. కూలెంట్ పలచబడితే తుప్పు మొదలవుతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, లోపల పాచిలా పేరుకుంటుంది. రెండూ సీల్‌కు మంచివి కావు. మేము చూడాల్సిన గుర్తు అదే, చూడలేదు.

మా తాత శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ, 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇప్పటి పిల్లలకు అది తుప్పు పట్టిన షెడ్లు మాత్రమే. క్రషింగ్ నడుస్తున్నప్పుడు రాత్రీ పగలూ మిల్లు ఆగకూడదు. కోసిన చెరుకు ఆలస్యమయ్యే కొద్దీ ఎండి, చక్కెర తగ్గుతుంది. చిన్న బేరింగ్ కోసం మిల్లు ఆపితే గేటు బయట చెరుకు బండ్లు బారులు తీరతాయి. అందుకే సీజన్ అయిపోయాక అన్నీ విప్పేవాళ్లు. విప్పినప్పుడు "ఇది ఇప్పుడు తిరుగుతోందా" అని కాదు, "వచ్చే సీజన్ చివరిదాకా తిరుగుతుందా" అని చూసేవాళ్లమని తాత చెప్పేవాడు. ఇంట్లో ఈ ముచ్చట వందసార్లు విన్నా, గ్యారేజ్‌లో మాత్రం యాదికి రాలే.

ఆ లెక్క కారుకు వేద్దాం. పాత పంప్ 90,000 కిలోమీటర్లు తిరిగింది అనుకోండి. కొత్త బెల్ట్ ఇంకో 80,000 నడవాలి. అంటే ఆ పంప్ మొత్తం 1,70,000 లాగాలి. మధ్యలో పోతే, అదృష్టం బాగుండి ఉత్త లీకుతోనే పోయినా, ఇంజన్ మౌంట్, కవర్, బెల్ట్ అన్నీ మళ్లీ విప్పాలి. కూలీ మళ్లీ మొదటి నుంచి. కూలెంట్ తడిసిన బెల్ట్ కొత్తదైనా పారేయాల్సిందే.

అయితే ప్రతి కారుకూ ఇదే సలహా కాదు. నా లాగా సగం తెలిసి మాట్లాడకండి. డస్టర్ డీజిల్, వెరిటో, పోలో, వెంటో 1.6 డీజిల్, ఫోర్డ్ ఫిగో, ఎకోస్పోర్ట్ డీజిల్... వీటిల్లో టైమింగ్ బెల్టే పంపును తిప్పుతుంది, కలిపి మార్చండి. పాత ఇన్నోవా 2.5 డీజిల్‌కు టైమింగ్ బెల్ట్ ఉంది, కానీ పంప్ బయటి బెల్ట్‌తో తిరుగుతుంది. పంప్ బాగుంటే తొందర లేదు. స్విఫ్ట్ 1.3 డీజిల్‌కు అసలు బెల్టే లేదు, చైన్. ఆ కారుకు ఎవరైనా "టైమింగ్ బెల్ట్ మార్చాలి" అంటే నవ్వి బయటికి రండి. ఇక పంప్ ఈమధ్యే మార్చి, బిల్లు చేతిలో ఉంటే మళ్లీ మార్చనక్కర్లేదు.

ఇంకో మాట. పేరు లేని చవక పంప్ వేసే కంటే ఒరిజినల్ పాతదే నయం అనిపిస్తుంది నాకు. బెల్ట్, టెన్షనర్, పంప్ కలిపి ఒకే కిట్‌గా దొరుకుతాయి, అది తీసుకోండి. ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి ఆ కార్లవాళ్లు సామాను చేతికొచ్చాకే కారు విప్పించండి. బెల్ట్ ఎక్కించాక స్టార్ట్ చేయకముందు ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు కలిశాయో లేదో చూడమనండి. కూలెంట్ డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించి, గాలి తీయించండి. తీసిన పాత పంప్ అడిగి తీసుకోండి, షాఫ్ట్ పట్టుకుని ఊపితే మీకే తెలుస్తుంది.

దారిలో ఇంజన్ ఠక్కున ఆగిపోతే మాత్రం మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. బెల్ట్ పోయి ఉంటే కొట్టిన కొద్దీ ఇంకో వాల్వు వంగుతుంది. మామ మూడుసార్లు కొట్టాడు.

ఇప్పుడు ఆ కారు బానెట్ లోపల తెల్ల పెయింట్‌తో తేదీ, కిలోమీటర్లు, కింద "బెల్ట్ + పంప్" అని రాసి ఉంది. రాసింది నేనే.