బొగ్గు నేలలో పెంట బొంద

ఎండాకాలం పెరటి తోటల మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారం సాయంత్రానికి పేజీ కట్టేయాలి అన్నారు ఎడిటర్. రంగురంగుల కంపోస్టు డబ్బాలు అట్ట మీద బాగుంటాయని ఆయన ఆశ. నాకు ఆ డబ్బాల మీద గురి లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో, డాబా మీది డబ్బాలో వేసిన కూరగాయ తొక్కలు కుళ్లవు, ఒరుగులవుతాయి.

గోదావరిఖని దగ్గర యైటింక్లైన్ కాలనీలో, ఒక రిటైర్డ్ గని కార్మికుడి పెరట్లో మాత్రం డబ్బా లేదు, బొంద ఉంది. మూడడుగుల లోతు. అడుగున విరిచిన కందికట్టె, దాని మీద ఎండిన వేపాకు, ఆపైన వంటింటి చెత్త, మీద చిక్కటి పేడనీళ్లు. మళ్లీ ఆకు, మళ్లీ చెత్త. నేలకు జానెడు ఎత్తు లేచాక పైనంతా తడి మట్టితో మెత్తేశారు. ఎండకు మట్టి నెర్రెలిచ్చిన చోటల్లా ఇంటావిడ పేడ కలిపిన మట్టిని వేలితో కూరుతోంది. “గాలి దూరితే ఎండిపోతది సారూ, ఇగ మాగదు” అంది, నా వైపు చూడకుండానే.

కిటుకంతా ఆ మెత్తుడులోనే ఉంది. కుప్ప పోస్తే వడగాలి నాలుగు వైపులా తగులుతుంది. తడారితే చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పని మానేస్తాయి. మూసిన బొందలో తేమ నిలుస్తుంది, పారతో తిరగేసే చాకిరీ ఉండదు. బదులుగా ఓపిక పట్టాలి: ఆరు నుంచి ఎనిమిది నెలలు. దసరాకు మెత్తితే మృగశిర కార్తెకు విప్పొచ్చు, తొలకరి విత్తనాలకు సరిగ్గా అందుతుంది.

చరిత్ర రెండు ముక్కల్లో: 1920ల్లో ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవర్డ్ తిరగేసే పద్ధతికి రూపమిచ్చారు. 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య, ఊళ్ల చెత్త కోసం మట్టితో మూసే గుంట పద్ధతిని తెచ్చారు. ఈ పెరడు రెండో దారిది.

ఒక్క విషయంలో ఖని వాళ్లు జాగ్రత్త పడాలి. పల్లెలో కట్టెల పొయ్యి బూడిదను చిక్కుడు పాదుకు చల్లిన చెయ్యి, ఇక్కడ బొగ్గు పొయ్యి బూడిదనూ అలాగే చల్లబోతుంది. కట్టె బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి. బొగ్గు బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. ఆర్సెనిక్ లాంటివీ కాస్తో కూస్తో ఉంటాయి. తినే కూరల మడిలోకి అది వద్దు. ఈ ఇంట్లో బొగ్గు బూడిద బకెట్ పెరటి వైపే రాదు, వీధి గేటు దగ్గరే ఆగుతుంది.

యూరియా ఊళ్లో ఎరువు బొందా?

బొగ్గుతో యూరియా చేసిన రామగుండం ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. ఆ చోటే ఆర్‌ఎఫ్‌సీఎల్ కంపెనీ 2021 నుంచి సహజవాయువుతో చేస్తోంది. యూరియాలో 46 శాతం నత్రజని, ఆకు ఇట్టే పచ్చబడుతుంది. నేలకు నీరు పట్టి ఉంచే గుణం మాత్రం దానివల్ల రాదు. మాగిన పెంట ఇచ్చేది అదే.

ఓసీపీ దుమ్ము

ఓపెన్‌కాస్ట్ గనుల (ఓసీపీ) దుమ్ము ఆకుల మీద పడుతుంది కాబట్టి పుంటికూర, బచ్చలి కోశాక రెండు మూడు నీళ్లలో జాడించాలి. చివరి నీళ్లు తేటగా వస్తేనే పొయ్యి మీదికి.