పెరోల్ ఫైలుపై కులం నీడ

కన్నతల్లి కడసారి చూపు దక్కకపోవడం కూడా శిక్షలో భాగమేనా? 2020 ఆగస్టు 1న ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా తల్లి హైదరాబాద్‌లో మరణించారు. నాగపూర్ సెంట్రల్ జైలులో ఉన్న ఆయనకు, ఆమె మంచాన ఉన్నప్పుడు చూసేందుకు గానీ, మరణించాక అంత్యక్రియలకు గానీ పెరోల్ లభించలేదు. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆయనను నిర్దోషిగా విడుదల చేసింది. అదే ఏడాది అక్టోబరులో ఆయన కన్నుమూశారు. నిర్దోషి అన్న తీర్పు వచ్చింది కానీ, పోయిన చూపు తిరిగి రాలేదు.

ఇటువంటి సందర్భాల్లో న్యాయస్థానాల చేతులు చాలావరకు కట్టి ఉంటాయి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం జైళ్లు రాష్ట్రాల పరిధిలోని అంశం. పెరోల్ మంజూరు ప్రధానంగా కార్యనిర్వాహక వర్గం పని అని సునీల్ ఫుల్‌చంద్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2000లో చెప్పింది. ఫర్లో ఖైదీకి సంపూర్ణ హక్కు కాదని 2021లో నారాయణ్ సాయి కేసులో మరోసారి తేల్చింది. అధికారి నిరాకరణ ఏకపక్షమైతే 226వ అధికరణ కింద హైకోర్టు జోక్యం చేసుకోవచ్చు. అయితే అధికారి స్థానంలో తానే కూర్చొని నిర్ణయించడానికి అది సాధారణంగా వెనుకాడుతుంది.

ఈ పరిమితి రెండు వైపులా పని చేస్తుంది. అత్యాచార కేసులో 2017లో ఇరవై ఏళ్ల శిక్ష పడిన డేరా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ పదిసార్లకు పైగా తాత్కాలికంగా బయటికి వచ్చారు. తన అనుమతి లేకుండా ఆయనకు పెరోల్ ఇవ్వవద్దని 2024 ఫిబ్రవరిలో ఆదేశించిన పంజాబ్–హర్యానా హైకోర్టు, ఆగస్టులో ఆ నిర్ణయాన్ని తిరిగి అధికారులకే వదిలింది. పలుకుబడి గలవారికి తెరుచుకునే ద్వారం, అది లేనివారికి ఎందుకు తెరుచుకోదు?

అధికార విభజనను నేను తప్పుపట్టడం లేదు. నా ప్రశ్న, ఆ అధికారం చివరికి ఎవరి చేతుల మీదుగా నడుస్తుందన్నదే. పెరోల్ దరఖాస్తు ఖైదీ సొంత ఊరి పోలీసు స్టేషనుకు వెళుతుంది. అతడు వస్తే ఊళ్లో శాంతిభద్రతలు దెబ్బతింటాయా అని విచారిస్తారు. ఊరి మాట అంటే మన పల్లెల్లో సాధారణంగా పెద్ద కులాల మాటే. పూచీకత్తుకు ఆస్తిపరులు కావాలి. భూమి లేని మాలమాదిగ వాడలో, తండాలో ఆ ఆస్తిపరుడు ఎక్కడ దొరుకుతాడు? నిబంధనలో కులం పేరు ఉండదు, నివేదికలో కనిపించదు, ఫలితంలో మాత్రం ఉంటుంది. 2021లో కేంద్రం రాజ్యసభకు ఇచ్చిన సమాధానం ప్రకారం దేశంలోని 4,78,600 మంది ఖైదీలలో 65.9 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలే.

జైలు లోపలి కులాన్ని సుప్రీంకోర్టు ఇప్పటికే గుర్తించింది. సుకన్య శాంత కేసులో 2024 అక్టోబరు 3న, కులాన్ని బట్టి ఖైదీలకు పనులు అప్పగించే జైలు నిబంధనలను కొట్టివేసింది. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే భాషనూ తప్పుపట్టింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయినా ఆ ముద్ర చెరగలేదని స్టువర్టుపురం ఎరుకలకు ఎవరూ చెప్పనక్కర లేదు. జైలు గోడల లోపల చెల్లని ఆ ముద్ర, గేటు దగ్గరి ఫైలులో చెల్లుతుందా?

అందుకే తాత్కాలిక విడుదలను న్యాయస్థానాలే మంజూరు చేయాలని నేను కోరడం లేదు. నిరాకరించిన ప్రతిసారీ రాతపూర్వక కారణం చూపాలని, నిర్ణీత గడువులో తేల్చాలని, పేదలకు సొంత పూచీకత్తు సరిపోవాలని, ‘శాంతిభద్రతలు’ అన్న ఒక్క మాటతో దరఖాస్తును మూసివేయరాదని ప్రభుత్వాలను శాసించడం వాటి పరిధిలోనిదే. మరణం గడువు అడిగి రాదు. చితి చల్లారాక వచ్చే అనుమతి ఎవరికి కావాలి?