మూడవ పిరమిడ్ మీది గాయం

గత శీతాకాలంలో మా మద్రసా విద్యార్థులను వరంగల్ కోట చూపించడానికి తీసుకువెళ్ళాము. నాలుగు కీర్తితోరణాల నడుమ చెల్లాచెదురుగా పడివున్న శిల్పాలను చూస్తూ పదిహేనేళ్ళ విద్యార్థి ఒకడు అడిగాడు: "ఉస్తాద్ గారూ, ఇక్కడి ఆలయాన్ని ఎవరు పడగొట్టారు?"

మాకు జవాబు తెలుసు. 1323లో ఢిల్లీ సుల్తాను సేనలు ఓరుగల్లును జయించిన దరిమిలా కాకతీయుల స్వయంభూ శివాలయం ధ్వంసమైంది. అయినా "కాలగమనంలో కూలిపోయింది నాయనా" అని దాటవేశాము. తిరుగు ప్రయాణం పొడుగునా ఆ మాట మా మనసును ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఆ రాత్రి మాకు ఒక పరదేశ యాత్రికుడు గుర్తుకు వచ్చారు. ఆయనే అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ. 1162లో బాగ్దాదులో జన్మించిన ఈ పండితుడు వైద్యంలోనూ, అరబీ భాషాశాస్త్రంలోనూ, హదీసు విద్యలోనూ ఆరితేరినవారు. సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ, ఆయన కుమారుల ఆదరణ పొంది, కైరోలోని అల్ అజ్‌హర్ మసీదులో బోధించారు. ఈజిప్టులో తాను చూసిన విశేషాలను 'అల్ ఇఫాదా వల్ ఇతిబార్' అనే గ్రంథంలో పొందుపరిచారు. 'ఇతిబార్' అంటే చూసినదాని నుండి గుణపాఠం గ్రహించడం. ఆయన స్వహస్తాలతో రాసుకున్న ప్రతి నేటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

ఆ కట్టడాలు ఫిరౌనుల కాలం నాటివి, విగ్రహారాధకులు నిర్మించినవి. అయినా బగ్దాదీ వాటిని చూసి ముఖం తిప్పుకోలేదు. పిరమిడ్ల రాళ్ళ కూర్పును నిశితంగా పరిశీలించారు. మెంఫిస్ శిథిలాల మధ్య తిరిగి, అక్కడి విగ్రహాలలో అవయవాల పొందికను వైద్యుని కంటితో గమనించారు. మీరు చూసినవాటిలో అత్యద్భుతమైనది ఏదని ఒకరు అడిగితే, 'అబుల్ హౌల్' ముఖంలోని అవయవాల సమతూకం అని బదులిచ్చారు. అబుల్ హౌల్ అంటే సింహ శరీరం, మనిషి తల గల ఆ మహాశిల్పం. ఇటువంటి కట్టడాలు పూర్వజాతుల గురించి దైవగ్రంథాలు చెప్పిన మాటలకు సాక్ష్యాలని, అందుచేత వాటిని కాపాడవలసి ఉంటుందని ఆయన అభిప్రాయం. నిధుల ఆశతో వాటిని పగులగొట్టేవారిని ఆయన తీవ్రంగా నిరసించారు.

ఇక్కడే మమ్మల్ని ఆలోచింపజేసిన ఘట్టం ఉంది. గిజాలోని మూడు పెద్ద పిరమిడ్లలో చిన్నదానిని కూల్చివేయాలని 1196లో ఒక పాలకుడు సంకల్పించాడు. అతడు ఎవరో కాదు, సలాహుద్దీన్ కుమారుడైన అల్ అజీజ్ ఉస్మాన్. కొలువులోని అవివేకుల మాట విని పనివారిని పంపాడు. ఎనిమిది నెలలపాటు రేయింబవళ్ళు శ్రమించినా రోజుకు ఒకటి రెండు రాళ్ళకు మించి ఊడదీయలేకపోయారు. చివరకు విసిగి వదిలివేశారు. ఉత్తర ముఖాన ఆ గాయం నేటికీ కనిపిస్తుంది. వేయి దీనార్లు ఇస్తే ఒక్క రాయినైనా మళ్ళీ యథాస్థానంలో పెట్టగలరా అని బగ్దాదీ పనివారి పెద్దను అడిగారు. అంతకు ఎన్నో రెట్లు ఇచ్చినా తమ వల్ల కాదని అతడు ఒప్పుకున్నాడు.

తనను పోషించిన వంశానికి చెందిన పాలకుడు, తన మతానికే చెందిన పాలకుడు చేసిన తప్పును ఆయన దాచలేదు. కాలం మీదకు నెట్టలేదు. ఉన్నది ఉన్నట్లు రాశారు. స్వజనులకు, చివరకు తమకే వ్యతిరేకమైనా సరే న్యాయానికి సాక్షులుగా నిలవాలన్న దివ్యఖుర్ఆన్ ఆదేశాన్ని మేము ఏళ్ళ తరబడి తరగతిలో బోధిస్తున్నాము. దానిని ఆచరణలో పెట్టవలసి వచ్చిన వేళ ఒక బాలుని ఎదుట తడబడ్డాము.

భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని ఖుర్ఆన్ పదేపదే ప్రబోధిస్తుంది. సమూద్ జాతి నివసించిన హిజ్ర్ ప్రాంతం గుండా వెళ్ళేటప్పుడు భయభక్తులతో, కన్నీళ్ళతో తప్ప ప్రవేశించవద్దని దైవప్రవక్త (స) అనుచరులకు బోధించారు. శిథిలాల మధ్య మన ప్రవర్తన ఎలా ఉండాలో ఇది తెలుపుతుంది. ఇతరుల ఆరాధనలో పాల్గొనడం వేరు, వారి కట్టడాన్ని మర్యాదతో చూడటం వేరు. గోడల మీద పేర్లు చెక్కడం, విగ్రహాల ఎదుట వెకిలి చేష్టలు చేస్తూ ఫోటోలు దిగడం విశ్వాసికి తగవు. కట్టినవారు ఎవరు, కూల్చినవారు ఎవరు అన్న రెండు ప్రశ్నలనూ నిజాయితీగా అడిగి తెలుసుకోవడం తగిన పని.

మరుసటి ఉదయం తరగతిలో అందరి ఎదుటా ఆ విద్యార్థికి అసలు జవాబు చెప్పాము. నిన్న దాటవేసినందుకు క్షమించమన్నాము. వాడు కాసేపు తల వంచుకుని ఆలోచించి, "మళ్ళీ ఒకసారి వెళ్దామా ఉస్తాద్ గారూ? ఆ రాళ్ళను నేను సరిగా చూడలేదు" అన్నాడు.

ఇన్‌షా అల్లాహ్, వచ్చే శీతాకాలంలో వెళ్తాము. ఈసారి ఆ తోరణాల నడుమ నిలబడే జవాబు చెబుతాము.