ఉక్కు గొట్టములు - సైకిలు చట్రము

సైకిలునుండి చక్రములు, చైను, బ్రేకులు, సీటు, హ్యాండిలు, ఫోర్కు ఊడదీసినచో మిగులునది ఎనిమిది గొట్టములు మాత్రమే. ఈ చట్రమునే వాడుకలో ఫ్రేము అందురు. దూరప్రయాణములకును, పందెములకును పనికివచ్చు తేలిక సైకిళ్ళ చట్రములను ఇంగ్లండు, ఇటలీ, జపాను దేశములలో కొందరు పనివారు నేటికిని చేతితోనే అతుకుచున్నారు. కొలత యిచ్చి చేయించుకొన్న చట్రమొక్కటియే, షాపులో దొరకు పూర్తి సైకిలుకంటె ఎక్కువ ఖరీదు కావచ్చును. అందుచేత చేతిలో సొమ్ము తక్కువగా నున్నవాడు వెనుకటి తరములో చేసిన పాత చట్రమును వెదకుకొనును. దానిపై 531 అను అంకెలుగల చీటీ మెరయుచుండును. ఆ చీటీని నమ్మవచ్చునా?

ఆ అంకెలకు ఒక చరిత్ర కలదు. ఇంగ్లండులోని బర్మింగుహాములో మేకులు చేయు రేనాల్డ్సు కుటుంబమువారు 1897లో ఒక క్రొత్త గొట్టమునకు పేటెంటు పొందిరి. ఈ గొట్టము వెలుపలి వ్యాసము అంతటను సమానమే. లోపల మాత్రము రెండు కొనలయందు గోడ మందముగను, నడుమ పలుచగను ఉండును. చట్రమునకు శ్రమ అంతయు అతుకులవద్దనే. అతుకునప్పటి వేడికి ఉక్కు కొంత మెత్తబడునదియు అక్కడనే. కాబట్టి లోహము అవసరమైనచోట ఉంచి, అనవసరమైనచోట తీసివేసిరి. కొనల మందము 0.8 మిల్లీమీటరు, నడిమి మందము 0.5 మిల్లీమీటరుగల గొట్టములు కూడ కలవు. 1935లో ఆ సంస్థయే మాంగనీసు, మాలిబ్డినము కలిపిన ఉక్కుతో 531 గొట్టములను తెచ్చెను. ఇటలీలో కొలంబస్ సంస్థవారు క్రోమియము, మాలిబ్డినము కలిపిన ఉక్కుతో పేరు పొందిరి. ఈ రెండవ జాతి ఉక్కులో క్రోమియము నూటికి సుమారు 1 వంతు, మాలిబ్డినము 0.2 వంతు మాత్రమే. తక్కినదంతయు ఇంచుమించు ఇనుమే.

ఇచ్చట చాలమంది పొరబడుదురు. ఖరీదైన ఉక్కు తక్కువ వంగునని వారి నమ్మకము. వంగకుండు బిగువు వేరు, విరుగకుండు బలము వేరు. బిగువును తెలుపు యంగు గుణకము చవుక ఉక్కునకును, మేలైన ఉక్కునకును దాదాపు ఒక్కటియే, అనగా సుమారు 200 గిగాపాస్కలులు. మిశ్రలోహము వలన పెరుగునది బలము. బలము పెరిగినచో గోడను పలుచన చేయవచ్చును. అప్పుడు బరువు తగ్గును. ఒకే కొలతలుగల రెండు చట్రములను ప్రక్కప్రక్కన ఉంచి త్రొక్కినచో ఏది 531, ఏది మామూలు ఉక్కు అని కాలు చెప్పలేదు.

బిగువు కావలసినవాడు లోహమును గాక వ్యాసమును చూడవలెను. పలుచని గోడగల గొట్టము బిగువు వ్యాసము యొక్క ఘనమును అనుసరించి పెరుగును. పాత ఆంగ్ల చట్రములలో క్రింది గొట్టము వ్యాసము 28.6 మిల్లీమీటర్లు. తరువాత వచ్చిన వాటిలో అది 31.8. గోడ మందము మార్చకున్నచో బరువు నూటికి 11 వంతులు పెరుగగా బిగువు 37 వంతులు పెరుగును. బరువైన మనిషికి ఇది గమనింపదగిన లాభము. తేలికైనవానికి పాత కొలతయే చాలును.

ఇక చీటీ మాట. చీటీలు వేరుగా కూడ దొరకును, ఎవరైనను అంటింపవచ్చును. నిజమైన చీటీలలోను కొన్ని మూడు పెద్ద గొట్టములే ఆ ఉక్కుతో చేసినవని తెలుపును గాని మొత్తము చట్రమని చెప్పవు. అబద్ధమాడనిది సీటు కడ్డీ. దానిపై దాని వ్యాసము ముద్రింపబడి యుండును. సీటు గొట్టము వెలుపలి వ్యాసము 28.6 అయి, అందులో 27.2 కడ్డీ సరిగా దిగినచో గోడ మందము 0.7 మిల్లీమీటరును మించదు. అది పలుచని మేలైన గొట్టము. 25.8 కడ్డీ మాత్రమే పట్టినచో గోడ ఇంచుమించు రెట్టింపు మందము. చీటీ ఏమి చెప్పినను అది మామూలు ఉక్కే. అయితే ఫ్రెంచి గొట్టముల వెలుపలి వ్యాసము 28.0, కనుక ముందు వెలుపల కొలిచి పిమ్మట తీసివేత చేయవలెను.

అతుకులను చూచికూడ మోసపోరాదు. గొట్టముల కొనలను లగ్గులలో దూర్చి, వెలిగారమువంటి పొడి చల్లి, ఇత్తడిని కరగించి పోయుట పాత పద్ధతి. మన పల్లెలలో బియ్యపు బస్తాలు మోసిన నల్ల సైకిళ్ళకును లగ్గులే ఉన్నవి. అవి ఉన్నంతమాత్రమున చట్రము మేలైనది కాదు. ఇత్తడికి సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను; వెండి కలిసిన టంకమునకు 650-700 డిగ్రీలు చాలును గనుక పలుచని గొట్టములకు అది క్షేమము. లగ్గులు లేక, ఉక్కునే కరగించి వెల్డింగు చేసిన చట్రము మంచి చేతిలో తయారైనచో దృఢత్వమున తీసిపోదు, ధరయు తక్కువ. లగ్గుల కొనలను ఆకులవలె ఆకురాయితో దిద్దుట చూడ ముచ్చటయే. ఆ ముచ్చటకు కొనువాడు గంటల లెక్కన కూలి చెల్లించుచున్నాడని మాత్రము తెలియవలెను.

పాత చట్రమునకు అసలు ప్రమాదము తగిలిన దెబ్బలలో కలదు. సైకిలు ఎదుట దేనికైనను గ్రుద్దుకొన్నచో, హ్యాండిలు గొట్టమునకు ఒక అంగుళము వెనుక, పై గొట్టము, క్రింది గొట్టము అడుగుభాగమున ఉబ్బును. కంటికి కనబడకున్నను వ్రేలితో రాచినచో తెలియును. రంగు అచ్చట ముడుతలు పడియుండును. క్రొత్తగా రంగు వేసిన చట్రమును మరింత అనుమానముగా చూడవలెను. వెనుక చక్రము పట్టుచోట ఒకవైపు దారము కట్టి, హ్యాండిలు గొట్టము చుట్టు త్రిప్పి రెండవవైపునకు లాగి కట్టినచో, సీటు గొట్టమునుండి దారమునకు దూరము ఇరువైపుల సమానముగా ఉండవలెను. పెడళ్ళ ఇరుసు దగ్గర వెంట్రుకవంటి గీత కనబడినచో అది రంగు గీతయా, లోహపు పగులా యని తేల్చుకొనక సొమ్ము ఈయరాదు. అల్యూమినియము సీటు కడ్డీ ఉక్కు గొట్టములో కదలక బిగిసిపోయినచో దానిని తీయించు ఖర్చు చట్రము ధరను మించవచ్చును. రెండు లోహములు తడిలో తాకియుండుటచే పుట్టు క్షయమే దానికి కారణము.

చవుకగా వచ్చినదానికి భాగములు దొరకవలెను గదా. పాత చట్రములలో వెనుక చక్రపు వెడల్పు 126 మిల్లీమీటర్లు. తరువాతి చక్రములకు 130 కావలెను. ఉక్కును ఎరిగిన పనివాడు ప్రక్కకు 2 మిల్లీమీటర్ల చొప్పున చల్లగానే వంచి సరిచేయగలడు. అల్యూమినియము చట్రమునకు ఆ సాహసము కూడదు. పెడళ్ళ ఇరుసు మరలు ఆంగ్ల కొలతలోనివైనచో చింత లేదు. పాత ఫ్రెంచి మరలైనచో వాటికి సరిపడు భాగములు అరుదు.

బరువు లెక్క కూడ చూడదగినదే. మేలైన చట్రమునకును మామూలు చట్రమునకును ఇంచుమించు ఒక కిలోగ్రాము తేడా. మనిషి 65, సైకిలు 10 కిలోలనుకొన్నచో అది మొత్తములో 75వ వంతు. పై గొట్టము పొడవు తన శరీరమునకు సరిపడకున్నచో కలుగు నడుమునొప్పి ఆ కిలోకంటె ఎంతో బరువు. చేతితో చేసిన చట్రము ఒకప్పుడు మరియొకరి ఒంటికొలతకు చేసినదై యుండవచ్చును. కావున తనకు సుఖముగా నున్న ఏదైన సైకిలు పై గొట్టమును ముందుగా టేపుతో కొలిచి, ఆ అంకెను చేతబట్టుకొని షాపునకు పోవలెను.